వల ఎక్కడ ఆగుతుంది?

కిందటేడు ఒక కథల సంకలనం కోసం వచ్చిన రాతప్రతులు చదివే పని నా మీద పడింది. వాటిలో ఒక కథ మా ప్రాంతానిదే. ఆదోని దగ్గరి పల్లె. తల్లీతండ్రీ మిరపకాయల కోతకు గుంటూరు సుగ్గికి పోయారు. అవ్వ దగ్గర మిగిలిన పిల్ల ఫోనులో వాళ్ళ ముఖం చూడాలని ఏడుస్తుంది. ఊళ్ళో సిగ్నల్ లేదు. కథ చివర ఊరికి నెట్ వస్తుంది. పిల్ల నవ్వుతుంది. కథ అయిపోతుంది.

రచయిత కొత్తవాడు. ప్రతిభ ఉంది. అవ్వ మాట్లాడే మాటలో మంత్రాలయం, కోసిగి వైపు యాస చెడకుండా వచ్చింది. కాని ‘నెట్ వచ్చింది’ అన్న రెండు మాటల దగ్గర నేను ఆగిపోయాను. ఎక్కడి నుంచి వచ్చింది? ఎవరి మిద్దె మీదికి వచ్చింది? దానికి డబ్బు ఎవరు కట్టారు? ఆ పిల్ల ఇంటి దాకా ఎట్లా చేరింది? ఈ ప్రశ్నల్లో ఒక్కదానికీ కథలో జవాబు లేదు. రచయిత దృష్టిలో అది వానలాగా పైనుంచి పడింది.

సీమ కథ వానను కూడా అలా రాయలేదు. కరువంటే వాన లేకపోవడం ఒక్కటే కాదని మన ముందుతరం కథకులు గుర్తించారు. బావి ఎవరి చేనులో ఉంది, కాలువ ఎక్కడ తెగుతుంది, అప్పు ఎవరిస్తారు అన్నవి చెప్పకుండా కరువు కథ పూర్తి కాదని వాళ్ళు తెలుసుకున్నారు. మగ్గం గురించి రాసినవాడికి పడుగూ పేకా తెలుసు. నెట్ గురించి రాసేవాడికి మాత్రం అది ఎట్లా నడుస్తుందో తెలియనక్కర లేదన్న అభిప్రాయం మనలో పాతుకుపోయింది. ఈ అభిప్రాయం తప్పని నేననుకుంటున్నాను.

ఒక ఇంట్లోని వైర్‌లెస్ సిగ్నల్‌ను వీధికి, వీధి నుంచి వాడకు ఎట్లా పొడిగిస్తారో, అది ఎక్కడ ఆగిపోతుందో, ఎందుకు ఆగిపోతుందో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశ్యం. నేను ఇంజనీరును కాను, బడిపంతులును. మంత్రాలయం మండలంలో తుంగభద్ర ఒడ్డుకు దగ్గరగా ఉన్న మా ఊళ్ళో ఐదేళ్ళకు పైగా ఈ పనిలో చేతులు కాల్చుకున్నవాళ్ళలో ఒకణ్ణి. తెలిసినంత మేరకే చెబుతాను.

1. గాలి, గోడ, చెట్టు

వైర్‌లెస్ అన్న మాటే కొంత మోసం చేస్తుంది. తీగ లేకుండా నడిచేది చివరి కొద్ది గజాలే. అంతకు ముందు దారి అంతా తీగదే. పట్నం నుంచి కరెంటు స్తంభాల మీదుగా వెంట్రుకంత సన్నని గాజు తీగలో వెలుతురు రూపంలో సమాచారం వస్తుంది. ఇంట్లో గోడకు బిగించిన డబ్బా, అంటే రౌటర్, దాన్ని రేడియో తరంగాలుగా మార్చి గాలిలోకి వదులుతుంది. ఆకాశవాణి మన ఇంటికి తెచ్చినదీ రేడియో తరంగాలనే. తేడా ఏమంటే ఈ తరంగాలు చాలా పొట్టివి. ఎక్కువ డబ్బాలు వాడే 2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు సుమారు ఐదు అంగుళాలు. రెండో రకం 5 గిగాహెర్ట్జ్‌ది. దాని పొడవు ఇందులో సగం కన్నా తక్కువ. తరంగం పొట్టిదయ్యే కొద్దీ ఎక్కువ సమాచారాన్ని మోయడానికి వీలవుతుంది గాని, గోడలు దాటే శక్తి తగ్గుతుంది.

దూరం రెట్టింపైతే అందే శక్తి నాలుగో వంతుకు పడిపోతుంది. ఇది బహిరంగ ప్రదేశంలో లెక్క. ఊళ్ళో పరిస్థితి ఇంకా కష్టం. మా వైపు పాత ఇళ్ళకు మూరెడు మందం రాతిగోడలు, పైన మట్టిమిద్దె. వేసవిలో చల్లగా ఉండే ఈ ఇల్లే సిగ్నల్‌కు జైలు. నడిమింట్లో డబ్బా పెడితే పక్కింటికి కాదుకదా, సొంత వసారాకే అందదు.

చెట్టు సంగతి మాకు అనుభవం మీద తెలిసింది. రెండు మిద్దెల మధ్య ఒక వేపచెట్టు ఉంది. శివరాత్రి రోజుల్లో ఆకు రాల్చినప్పుడు లంకె వేశాం. దివ్యంగా పనిచేసింది. ఉగాది దాటి చెట్టు నిండా ఆకు తొడిగేసరికి ఆగిపోయింది. డబ్బా చెడిపోయిందని ఎమ్మిగనూరు తీసుకుపోయి చూపించాం. చెడిపోలేదు. ఆకులోని నీరు ఈ తరంగాలను తాగేస్తుంది. అదే 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర పనిచేసే మైక్రోవేవ్ పొయ్యి ఆహారంలోని నీటిని వేడెక్కించేది కూడా ఇలాంటి కారణం చేతనే.

మరొక విషయం. రెండు డబ్బాలు ఒకదానికొకటి కనిపిస్తే చాలని అనుకుంటాం. చాలదు. తరంగం దారంలాగా సన్నగా పోదు. రెండు కొసలా సన్నగా, నడుమ లావుగా ఉన్న కదురులాగా పరుచుకుని పోతుంది. 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర కిలోమీటరు దూరానికి నడిమధ్యలో ఆ కదురు వ్యాసార్థం సుమారు ఐదున్నర మీటర్లు. అందులో సగానికి పైగా ఖాళీగా ఉంటేనే లంకె నిలుస్తుంది. అందుకే ఇనుప గొట్టం, గడకర్ర, నీళ్ళ ట్యాంకు మెట్లు ఈ పనిలో రౌటర్ కన్నా ముఖ్యమైన పనిముట్లవుతాయి.

2. కాలువ కొస

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. పాఠాలు ఫోనులోకి వచ్చాయి. మా ఊళ్ళో ఫోను సిగ్నల్ గుట్ట మీద తప్ప నిలకడగా అందదు. పిల్లలు పుస్తకాలు పట్టుకుని గుట్ట ఎక్కుతుంటే చూడలేక, మా వీధిలో నలుగురం కలిసి మా ఇంటికి ఒక ఫైబర్ కనెక్షన్ పెట్టించాం. నెలకు తలాకొంత. ఇంతవరకు బాగుంది. తరువాత పక్కవాళ్ళు అడిగారు. ఆ పక్కవాళ్ళు అడిగారు. పదకొండు ఇళ్ళయ్యాయి.

సిగ్నల్ అందని ఇంటికి రిపీటర్ అనే చిన్న డబ్బా కొన్నాం. అది విన్నమాటను మళ్ళీ గట్టిగా చెబుతుంది. ఒకటి పెట్టాం, దాని తరువాత ఇంకొకటి, దాని తరువాత మరొకటి. నాలుగో ఇంటికి వచ్చేసరికి ఫోనులో సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తున్నాయి గాని పాఠం కదలడం లేదు. కారణం తరువాత తెలిసింది. ఈ చవక డబ్బాకు ఒకే రేడియో ఉంటుంది. అది వింటున్నప్పుడు చెప్పలేదు, చెబుతున్నప్పుడు వినలేదు. కనుక ప్రతి మజిలీలోనూ వేగం సుమారుగా సగమవుతుంది. మొదటి ఇంట్లో 40 ఉంటే రెండో ఇంట్లో 20, మూడో ఇంట్లో 10, నాలుగో ఇంట్లో 5.

మా ప్రాంత రైతుకు దీన్ని విడమరిచి చెప్పనక్కర లేదు. తుంగభద్ర దిగువ కాలువ ఆయకట్టులో కొసభూముల సంగతి అందరికీ తెలుసు. పటంలో కాలువ ఉంటుంది. శిస్తు కాగితంలో ఆయకట్టు ఉంటుంది. నీళ్ళు మాత్రం పైవాళ్ళు వాడుకున్నాక మిగిలితే వస్తాయి. నాలుగో ఇంటి పెద్దాయన నాతో అన్నమాట ఇది: “సారూ, మాదీ కాలువ కొసే గదా. గీతలుండాయి, నీళ్ళు ల్యావు.”

పరిష్కారం తెలిస్తే తేలికే. తెచ్చే పనినీ పంచే పనినీ విడదీయాలి. మిద్దె నుంచి మిద్దెకు తెచ్చే లంకెకు 5 గిగాహెర్ట్జ్ రేడియో, ఒకే దిక్కుకు చూసే యాంటెన్నా. ఇంటింటికీ పంచడానికి వేరే డబ్బా, 2.4 మీద. దగ్గర ఉన్న ఇళ్ళకు గాలి ఎందుకు, మామూలు కేబుల్ గుంజడమే మేలు. పక్కపక్క డబ్బాలు ఒకే చానెల్ మీద అరుచుకోకుండా 1, 6, 11 నంబర్లు పంచిపెట్టాలి. 2.4 మీద ఒకదానిలోకి ఒకటి చొరబడని చానెళ్ళు ఆ మూడే. కరెంటు పోయినప్పుడు నడవడానికి ఒక బ్యాటరీ, పిడుగు నుంచి కాపాడటానికి గొట్టానికి ఎర్తు. ఇదంతా చేశాక నాలుగో ఇంటికీ మొదటి ఇంటికీ తేడా దాదాపు పోయింది.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. కొస ఇంటికి నెట్ అందకపోవడానికి కారణం దూరం అని మేం అనుకున్నాం. దూరం కాదు, మేం ఎంచుకున్న అమరిక. మొదటి ఇంటిదే సౌకర్యం, తక్కినవారిది శేషం అన్న పద్ధతిలో మేం దాన్ని కట్టాం. ఆ మొదటి ఇల్లు నాది.

3. వంక

మా ఊరికీ ఎస్సీ కాలనీకీ మధ్య ఒక వంక ఉంది. దాటడానికి రెండు వందల గజాలు. మా మిద్దె మీద గొట్టం ఎక్కి చూస్తే కాలనీలో ప్రతి ఇంటికప్పూ కనబడుతుంది. అడ్డంగా చెట్టు కూడా లేదు. ఈ వ్యాసంలో ఇంతవరకు చెప్పిన సాంకేతిక కష్టాల్లో ఒక్కటీ అక్కడ లేదు. అయినా రెండేళ్ళ పాటు మా సిగ్నల్ ఆ వంక దాటలేదు.

యాంటెన్నా అటు తిప్పుదామన్న ప్రస్తావన వచ్చినప్పుడు మా వీధి మిత్రులు చెప్పిన కారణం కులం కాదు. ఆ మాట ఎవరూ అనలేదు. “వాళ్ళు కూడా వాడితే మనకు స్లో అయితాది సారూ,” అన్నారు. వినడానికి లెక్కలాగా ఉంది. కనుక లెక్కగానే జవాబు చెప్పాలి.

ఒక చానెల్ మీద ఉన్న ఫోన్లన్నీ రచ్చకట్ట మీద కూర్చున్న మనుషుల్లాంటివి. ఒకరు మాట్లాడుతుంటే తక్కినవారు ఆగాలి. దగ్గరున్న ఫోను తన మాటను క్షణంలో చెప్పేస్తుంది. దూరాన, సరిగా సిగ్నల్ అందని ఫోను అదే మాటను చాలా నెమ్మదిగా చెబుతుంది. అది ముగించేదాకా దగ్గరివాళ్ళు కూడా కాచుకోవాలి. కాలనీ పిల్లలు సాయంత్రాలు వంక ఒడ్డున కూర్చుని మా వీధి డబ్బా నుంచి జారిపడిన సిగ్నల్‌ను ఎవరో ఇచ్చిన పాస్‌వర్డుతో పట్టుకుంటూనే ఉన్నారు. మా వీధి నెట్ మందగించింది వాళ్ళు వాడటం వల్ల కాదు, వంక ఒడ్డు నుంచి, అరకొరగా వాడవలసి రావడం వల్ల. వాళ్ళ వాడలో సరైన డబ్బా, దానికి విడిగా లంకె ఉంటే మా వేగం పెరుగుతుంది గాని తగ్గదు. ఇది ధర్మోపన్యాసం కాదు, రేడియో స్వభావం. అందని మనిషిని అందకుండా ఉంచడానికి అందినవాళ్ళు కూడా మూల్యం చెల్లిస్తారు.

ఈ లెక్కతో వీధిని ఒప్పించాననే సంతోషంతో నేను కాలనీకి వెళ్ళాను. అక్కడి పొదుపు సంఘం లీడరమ్మతో, “అక్కా, రేపు డబ్బా పెట్టిస్తాం, పాస్‌వర్డ్ ఇస్తాం, మీరేమీ కట్టనక్కర లేదు,” అన్నాను. ఆమె నన్ను కూర్చోబెట్టి నీళ్ళిచ్చి చెప్పిన మాట నాకు అక్షరాలా గుర్తుంది.

“సారూ, మాకు నీ పాసువర్డు వద్దు. నువ్వు ఈపొద్దు ఇస్తావు, రేపు ఎవురో ఒగరు మార్సమంటే మారుస్తావు. మా మిద్దె మీద మా డబ్బా పెట్టుకుంటాం. మా వాటా మేం కడతాం. తాళం మా దగ్గర గూడా ఒగటి ఉండాల.”

ఆత్మవిమర్శ లేకుండా ఈ భాగాన్ని ముగించలేను. పదకొండు ఇళ్ళూ డబ్బు కడుతున్నాయి. కాని ఎవరిని ఆపాలో, ఎవరికి ఎంత వేగమో నిర్ణయించే లోపలి పాస్‌వర్డ్ మొదటి రోజు నుంచీ నా ఒక్కడి దగ్గరే ఉంది. భద్రత కోసం అని చెప్పుకున్నాను. నిజానికి అది యాజమాన్యం. ఆ మాట నాకు నా పుస్తకాలు చెప్పలేదు, ఆమె చెప్పింది.

4. గాలి ఎవరి ఆస్తి

ఇలా పంచుకోవడం చట్టానికి సమ్మతమేనా అన్న ప్రశ్న సహజం. మా మొదటి పద్ధతి సమ్మతం కాదు. ఇంటి కనెక్షన్‌ను బయటివారికి పంచరాదని ఒప్పంద పత్రంలోనే ఉంది. ఎవరో చెబితే కంపెనీ మనిషి వచ్చి లైను కోసి పోయాడు. మూడు వారాలు చీకటి. కంపెనీ పేరుతో మనకు పని లేదు, దాదాపు అందరి కాగితంలోనూ ఆ షరతు ఉంటుంది. పైగా ఆ లైను మీద ఎవరు ఏ నేరం చేసినా ముందుగా ప్రశ్నించేది లైను ఎవరి పేరున ఉందో వారినే.

గాలి మాట వేరు. 1933 నాటి వైర్‌లెస్ టెలిగ్రఫీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా వైర్‌లెస్ పరికరం దగ్గర ఉండటమే నేరం. ఇంట్లో రేడియోకు పోస్టాఫీసులో లైసెన్సు కట్టిన రోజులు పెద్దవారికి గుర్తుండే ఉంటాయి. 1995 ఫిబ్రవరి 9న సుప్రీంకోర్టు క్రికెట్ అసోసియేషన్ ఆఫ్ బెంగాల్ కేసులో రేడియో తరంగాలు ప్రజల ఆస్తి అని తీర్పు చెప్పింది. ఆ ధర్మాసనంలో ఉన్న తెలుగువారు జస్టిస్ బి.పి. జీవన్‌రెడ్డి తన అభిప్రాయాన్ని విడిగా రాశారు. 2005లో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు అక్కరలేనిదిగా చేశారు. 2018 అక్టోబరులో 5 గిగాహెర్ట్జ్ పట్టీలో పెద్ద భాగాన్ని ఇంటి బయట వాడకానికి కూడా అలాగే విడిచిపెట్టారు. మిద్దె నుంచి మిద్దెకు మేం వేసుకున్న లంకె ఆ వెసులుబాటు మీదే నిలిచింది. 2023లో కొత్త టెలికమ్యూనికేషన్ల చట్టం వచ్చింది.

గాలి విడుదలైంది గాని తీగ విడుదల కాలేదు. ఆ లోటు తీర్చడానికి 2020 డిసెంబరు 9న కేంద్ర మంత్రివర్గం పి.ఎం.-వాణి అనే పద్ధతిని ఆమోదించింది. ఒకనాటి ఎస్.టి.డి. బూత్‌ను గుర్తు తెచ్చుకోండి. కిరాణా కొట్టువాడు, టీ బంకువాడు ఎవరైనా లైసెన్సు లేకుండా, ఫీజు లేకుండా పబ్లిక్ డేటా ఆఫీసుగా మారి చుట్టుపక్కలవారికి వైఫై అమ్మవచ్చు. వాడేవారిని గుర్తించే పని, లెక్కల పని పైనున్న సంస్థలు చూస్తాయి.

కాగితం మీద బాగుంది. ఆచరణలో కంపెనీలు ఇలాంటి కొట్టుకు ఇంటి ధరకు లైను ఇవ్వక, పెద్ద వ్యాపారాలకిచ్చే ఖరీదైన లైను తీసుకోమన్నాయి. పది రూపాయలకు వైఫై అమ్మే బంకువాడు దాన్ని ఎట్లా భరిస్తాడు? ఈ సంగతి గుర్తించిన ట్రాయ్ 2025 జూన్‌లో ఒక ఉత్తర్వు ఇచ్చింది. 200 ఎం.బి.పి.ఎస్. దాకా లైన్లను ఈ కొట్లకు ఇంటి ధరకు రెట్టింపు మించకుండా ఇవ్వాలన్నది దాని సారాంశం. ఈ ఉత్తర్వు తరువాతే మా ఊళ్ళో పని ఒక దారికి వచ్చింది. మా వీధిలో కిరాణా కొట్టు ఒకటి, కాలనీలో పొదుపు సంఘం సభ్యురాలి కొట్టు ఒకటి, రెండూ ఆ పద్ధతిలో నడుస్తున్నాయి. ఎవరి లైను వారిది, ఎవరి తాళం వారిది.

వంక మీదుగా ఒక లంకె కూడా వేశాం. దానిలో బయటి నెట్ పోదు. మా బడిలో ఒక చిన్న కంప్యూటరు పెట్టి అందులో పాఠాలు, పాతపుస్తకాలు, ఊరి పెద్దవాళ్ళ చేత పాడించిన కోతపాటలు, సుగ్గిపాటలు నింపాం. అవి రెండు వైపులా అందుతాయి. బయటి తీగ తెగినా ఇది ఆగదు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర మంత్రాలయాన్ని ముంచినప్పుడు బయటికి మాట చేరే దారి లేక మేం పడిన అవస్థ తెలిసినవారికి, ఊరి లోపల ఊరికి ఒక వల ఉండటం విలువ ఏమిటో వేరే చెప్పనక్కర లేదు. ఆ లంకెకు తాళాలు రెండు. ఒకటి బడిలో, ఒకటి పొదుపు సంఘం దగ్గర.

5. ఇచ్చిన వల, అల్లుకున్న వల

మా అనుభవం చిన్నది. తెలుగునాట ఇంతకన్నా పెద్ద ప్రయత్నాలు జరిగాయి. 2000ల మధ్యకాలంలో పశ్చిమ గోదావరి జిల్లాలో బైర్రాజు ఫౌండేషన్ ‘అశ్విని’ అనే పేరుతో భీమవరం చుట్టుపక్కల గ్రామాలను దూరశ్రేణి వైఫై లంకెలతో కలిపింది. వైద్యం, చదువు ఆ లంకెల మీద పల్లెకు చేర్చాలని దాని లక్ష్యం. ఇంటి లోపల వాడటానికి పుట్టిన వైఫైని ఎత్తైన స్తంభాల మీద నుంచి కిలోమీటర్ల దూరం నడిపించిన తొలి ప్రయత్నాల్లో అది ఒకటి. భాస్కరన్ రామన్, కామేశ్వరి చెబ్రోలు అనే పరిశోధకులు ఆ అనుభవాన్ని 2007లో రాశారు. సాంకేతికంగా అది మా పనికన్నా ఎన్నో రెట్లు గొప్పది. కాని దాని వెనుక ఉన్నది సత్యం కంప్యూటర్స్ అధిపతి కుటుంబం. 2009 జనవరి 7న సత్యం లెక్కల మోసం బయటపడింది. దాత మీద నిలిచిన వలకు దాత కూలితే ఆధారం ఏమిటన్న ప్రశ్నకు అంతకంటే స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు.

రెండోది ప్రభుత్వం వేసిన వల. 2017 డిసెంబరు 27న రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ చేతుల మీదుగా ఆంధ్రప్రదేశ్ ఫైబర్ గ్రిడ్ ప్రారంభమైంది. కరెంటు స్తంభాల మీదుగా తీగ లాగడం వల్ల ఖర్చు తగ్గింది. నెలకు 149 రూపాయలకు ఇంటికి నెట్, ఫోను, టీవీ అని ప్రకటించారు. దీని మేలును తక్కువ చేయను. పల్లెకు తీగ రావచ్చునని, అది చవకగా రావచ్చునని నిరూపించింది. కాని ఊళ్ళోకి వచ్చాక ఎవరి గడప దాటాలన్నది తీగ నిర్ణయించదు.

మూడో రకం వల వాడుకునేవారే అల్లుకునేది. స్పెయిన్‌లోని కాటలోనియాలో 2004లో కంపెనీలు పట్టించుకోని పల్లెల్లో ‘గుయ్‌ఫీ’ అనే వల మొదలైంది. నేడు అందులో ముప్పై వేలకు పైగా కూడళ్ళున్నాయి. దాని రహస్యం యంత్రంలో లేదు, ఒక ఒప్పందంలో ఉంది. ఎవరైనా కలవవచ్చు. కలిసినవారు తమ తరువాతివారిని అవే షరతులతో కలవనివ్వాలి. వల ఎట్లా పనిచేస్తుందో తెలుసుకునే హక్కు అందరికీ ఉంటుంది. అంతే.

కాటలోనియా దాకా పోనక్కర లేదు. ఎమ్మిగనూరులో మాచాని సోమప్ప 1938లో స్థాపించిన చేనేతకారుల సహకార సంఘం మాకు కూతవేటు దూరం. మగ్గం ఎవరి ఇంట్లో వారిదే. నూలు తెచ్చేదీ బట్ట అమ్మేదీ ఉమ్మడిగా. సహకారం అన్న మాటకు మా ప్రాంతంలో అర్థం అక్కడి నుంచి వచ్చింది. జహీరాబాద్ దగ్గర మాచనూర్‌లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ తోడ్పాటుతో దళిత మహిళలు 2008 అక్టోబరు 15న ప్రారంభించిన ‘సంఘం రేడియో’ మరొకటి. మైకు వాళ్ళ చేతిలో ఉంది. వినడమే కాదు, వినిపించడమూ వాళ్ళదే. తరంగాలు ప్రజల ఆస్తి అన్న తీర్పుకు తెలుగు నేల మీద దొరికిన అర్థం అది.

6. రచయితకు ఏం పని?

మళ్ళీ ఆ కథ దగ్గరికి వద్దాం. ఆ పిల్ల నవ్వడం అబద్ధమని నేననడం లేదు. మా కాలనీలో అలాంటి నవ్వులు నేను చూశాను. దీపావళి దాటాక సుగ్గికి బండ్లు కదిలితే, ఆ వాడలో ముసలివాళ్ళు, పిల్లలు మాత్రం మిగులుతారు. రాత్రి తొమ్మిది గంటలకు ఒక్కొక్క గడప దగ్గర ఒక్కొక్క ఫోను వెలుగుతుంది. అది చిన్న విషయం కాదు. కూలిపనికి హాజరు కూడా ఫోనులోకి ఎక్కింది. 2023 జనవరి 1 నుంచి ఉపాధి హామీ పనిచోట్ల ఫొటో తీసి ఆప్‌లో హాజరు వేయడాన్ని తప్పనిసరి చేశారు. కనుక సిగ్నల్ ఇప్పుడు కూలికి కూడా సంబంధించినది.

ఇంత పెద్ద విషయాన్ని ‘వచ్చింది’ అన్న క్రియతో దాటేయడం వస్తువుకు అన్యాయం. వచ్చింది అంటే తెచ్చినవాడు లేడు, ఆపినవాడు లేడు, బతిమాలినవాడు లేడు. కర్త మాయమైపోయిన వాక్యంలో సంఘర్షణ కూడా మాయమైపోతుంది. నెట్‌ను దయ్యంగా చూపి తిట్టే కథల్లోనూ ఇదే లోపం. దయ్యానికీ దేవుడికీ యజమాని ఉండడు. ఒక మిద్దె మీది గొట్టానికి యజమాని ఉంటాడు, దానికి వాటాదారులుంటారు, దాని నీడ పడని ఇళ్ళుంటాయి.

యంత్రం వివరాలన్నీ కథలో కుక్కమని నా ఉద్దేశ్యం కాదు. గిగాహెర్ట్జ్ అన్న మాట ఒక్కసారి రాకుండానే మంచి కథ రాయవచ్చు. కాని తెలిసి వదిలేయడం వేరు, తెలియక వదిలేయడం వేరు. తెలిసిన రచయితకు అవ్వ ఫోను పట్టుకుని వంక ఒడ్డుకు ఎందుకు నడిచిందో, అక్కడ ఏ రాయి మీద కూర్చుందో, వీధిలోంచి ఎవరు చూశారో కనబడుతుంది. కథ అక్కడ ఉంది.

ఆ యువరచయితకు ఈ మాటలన్నీ ఉత్తరంలో రాశాను. కథను సంకలనం నుంచి తీసేయమని అనలేదు, మళ్ళీ రాయమన్నాను. పదిహేను రోజులకు జవాబు వచ్చింది. “మా ఊళ్ళో నెట్ ఎవరి మిద్దె మీద ఉందో కనుక్కున్నాను సార్. అది మా పెదనాన్నది. కథ ఇప్పుడు రాయడం కష్టంగా ఉంది,” అని రాశాడు.

ఆ కష్టమైన కథ కోసమే ఎదురుచూస్తున్నాను.